కారు పెయింటుకు సిరామిక్ కోటింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పండుగ రోజుల్లో కొత్త కార్లు చాలా ఇళ్లకు చేరినందువల్ల కాబోలు, ఈ నెల ఒడిశాలోని బరంపురం మొదలుకొని మహారాష్ట్రలోని బల్లార్షా వరకు మన సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం సిరామిక్ కోటింగ్ గురించే అడిగాయి. ఒకే తరహాగా ఉన్నవాటిని కలిపి, ఏడింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను. బరంపురంలో చాలా కాలం డెంటింగ్, పెయింటింగ్ షాపు నడిపినవాణ్ని కాబట్టి, పుస్తకంలో ఉన్నదానితో పాటు చేతికి తగిలినదీ కొంత చెప్పగలను. అందులో నా పొరపాట్లూ ఉన్నాయి.

ప్రశ్న: తెల్ల రంగు హ్యాచ్‌బ్యాక్ కారు బుక్ చేశాను. డెలివరీకి ముందే సిరామిక్ కోటింగ్ చేయించుకోమని షోరూమువారు గట్టిగా చెబుతున్నారు. 32,000 రూపాయలట. పొర గట్టిదనం 9హెచ్ అనీ, అయిదేళ్లు గీత పడదనీ, తామరాకు మీద నీళ్లలా మురికి జారిపోతుంది కాబట్టి కడగనక్కర కూడా ఉండదనీ అంటున్నారు. సిరామిక్ అంటే పింగాణీ కదా, దాన్ని కారుకు ఎలా పూస్తారు? అంత సొమ్ము పెట్టవచ్చునా? – ఒక బ్యాంకు ఉద్యోగి, బరంపురం

జవాబు: పేరు పింగాణీదే అయినా, కొలిమిలో కాల్చిన పింగాణీకీ ఈ సీసాలోని ద్రవానికీ ఉన్నది దూరపు చుట్టరికం. సీసాలో ఉండేవి సిలికాన్ ఆధారంగా తయారైన పాలీసిలజేన్, సిలోక్సేన్ వంటి రసాయనాలు, వాటిని పలుచన చేసే ద్రావకం. పూసిన కొద్ది నిమిషాల్లో ద్రావకం చాలావరకు ఆవిరైపోతుంది. మిగిలిన రసాయనం గాలిలోని తేమతో చర్య జరిపి, ఇసుకలోనూ గాజులోనూ ఉండే సిలికాన్–ఆక్సిజన్ బంధాలతో అల్లుకొని, పారదర్శకమైన పలుచని పొరగా గట్టిపడుతుంది. మైనపు పాలిష్ పెయింటు మీద ఊరికే ఆని ఉంటుంది, మన ఎండకూ షాంపూకూ కొన్ని వారాల్లో పోతుంది. ఈ పొర పెయింటును పట్టుకొని ఉంటుంది కనుక నెలల తరబడి, బాగా చూసుకుంటే సంవత్సరాల తరబడి నిలుస్తుంది.

అయితే ఆ పొర ఎంత మందం ఉంటుందో ముందు తెలుసుకోవాలి. కంపెనీలో వేసే పెయింటు మొత్తం, అంటే ఇనుప రేకును పట్టుకొని ఉండే అడుగు పూత, ప్రైమరు, రంగునిచ్చే బేస్ కోటు, మెరుపునిచ్చే క్లియర్ కోటు, అన్నీ కలిపి సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటాయి (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోటు వాటా 40 నుంచి 50 మైక్రాన్ల దాకా ఉంటుంది. మీ తల వెంట్రుక ఒకటి దాదాపు 70 మైక్రాన్ల మందం. సిరామిక్ పొర ఒకటి రెండు మైక్రాన్లు, చాలాసార్లు అంత కూడా ఉండదు. వెంట్రుకను నిలువునా యాభై పొరలుగా చీల్చితే ఒక పొర ఎంత ఉంటుందో, మీరు 32,000 రూపాయలకు కొనబోయేది దాదాపు అంతే మందం.

ఇక 9హెచ్ మాట. ఇది రత్నాల గట్టిదనాన్ని కొలిచే మోహ్స్ కొలమానం కాదు, పెన్సిళ్ల కొలమానం. బొమ్మలు గీసేవారి పెన్సిళ్లలో మెత్తనివాటికి బి, గట్టివాటికి హెచ్ అని గుర్తులుంటాయి, ఈ పరీక్షకు వాడే వరుసలో చిట్టచివరిది 9హెచ్. పెన్సిల్‌ను 45 డిగ్రీల వాలులో పట్టి, 750 గ్రాముల బరువుతో పూత మీద నెడతారు. ఏ పెన్సిల్ వరకు పూత దెబ్బతినకుండా ఉంటుందో అదే దాని గట్టిదనం. ఐఎస్ఓ 15184 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్నది ఈ పరీక్షే. కాబట్టి 9హెచ్ అంటే గట్టి పెన్సిల్ గీత పడలేదని మాత్రమే అర్థం. పెన్సిల్‌లో ఉండేది గ్రాఫైటూ బంకమట్టీ. మన రోడ్ల దుమ్ములో ఉండేది క్వార్ట్‌జ్ ఇసుక, అది మోహ్స్ కొలమానంలో 7. దాని ముందు ఏ పెన్సిలూ నిలవదు, ఈ పొరా నిలవదు. పైగా ఒక మైక్రాను పొర మీద ఈ పరీక్ష చేస్తే, పొర కన్నా దాని కింద ఉన్నదాని గట్టిదనమే ఎక్కువగా బయటపడుతుంది. గాజు పలక మీద పూసి చూపించే ప్రదర్శనకూ, మీ కారు బానెట్టుకూ అందువల్లనే పొంతన ఉండదు.

తామరాకు పోలిక వినడానికి అందంగానే ఉంది కానీ అదీ అతిశయోక్తే. నీటిబొట్టు అంచు ఉపరితలంతో చేసే కోణం 90 డిగ్రీలు దాటితే అది నీటిని తోసే ఉపరితలం అంటారు. మంచి సిరామిక్ పూత మీద ఈ కోణం 100 నుంచి 110 డిగ్రీల ప్రాంతంలో ఉంటుంది. తామరాకు మీద 150 దాటుతుంది. తామరాకు మీద బొట్టు దొర్లుతూ దుమ్మును ఎత్తుకుపోతుంది. కారు మీద బొట్టు జారుతుంది, జారలేనిది అక్కడే ఎండిపోయి తెల్ల మచ్చ పెడుతుంది. కడగనక్కర లేదన్న మాట పూర్తిగా తప్పు. కడగడం తేలికవుతుందనే మాట నిజం, సీసాలో ఉన్న అసలు విలువ కూడా అదే. బురదా పురుగుల మరకలూ అంత గట్టిగా పట్టుకోవు, పక్షి రెట్ట పెయింటును తినేలోగా తుడవడానికి కొంత వ్యవధి దొరుకుతుంది, రంగుకు లోతైన మెరుపు వస్తుంది. వీటికి ఎంత ఇవ్వవచ్చునో మీరే నిర్ణయించుకోవాలి. తెల్ల కారు మీద సన్న గీతలు ఎలాగూ అంతగా కనిపించవు కాబట్టి, నన్నడిగితే ఆ సొమ్ములో సగానికి మించి ఇవ్వను.

షోరూములో చేయించదలిస్తే మూడు సంగతులు రాతలో అడగండి: వాడేది ఏ కంపెనీ సీసా, పూతకు ముందు పాలిష్ చేస్తారా లేదా, పూసిన తరువాత ఎన్ని గంటలు కారును నీడలో ఉంచుతారు. ఉదయం లారీ దిగిన కారును మధ్యాహ్నానికి పూత పూసి సాయంత్రం కొబ్బరికాయ కొట్టించి పంపించే చోట ఈ మూడో ప్రశ్నకు సూటి జవాబు రాదు. వారంటీ కాగితాన్ని కూడా తిరగేసి చదవండి. ఏటా వారి దగ్గరే డబ్బు చెల్లించి సర్వీసు చేయించుకుంటేనే చెల్లుతుందని వెనక వైపున ఉండటం మామూలే.

ప్రశ్న: మాది ఆరేళ్ల నాటి ముదురు నీలం సెడాన్. ఎండలో చూస్తే బానెట్టు నిండా సాలెగూడు వంటి గీతలు కనిపిస్తున్నాయి. సిరామిక్ కోటింగ్ వేయిస్తే అవి పూడిపోతాయని ఒకరు, ముందు రబ్బింగ్ చేయించాలని మరొకరు అంటున్నారు. రబ్బింగ్ చేయిస్తే పెయింటు పలచబడుతుందని మా వారికి భయం. – ఒక ఉపాధ్యాయిని, రాయగడ

జవాబు: అమ్మా, మీ వారి భయంలో నిజం ఉంది, రెండవ వ్యక్తి సలహాలోనూ నిజం ఉంది. మొదటి వ్యక్తి మాట మాత్రం నమ్మకండి. పూత ఒకటి రెండు మైక్రాన్లే, గీత దాన్ని మించి లోతుగా ఉండవచ్చు. అది గీతను పూడ్చదు, దాని మీద అద్దంలా పరచుకొని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఆ తరువాత గీతలు తీయించాలంటే పూతను కూడా అరగదీయవలసిందే, అంటే ఇచ్చిన డబ్బు దుమ్ములో పోయినట్టే.

ఆ సాలెగూడు ఎక్కడి నుంచి వస్తుందో మీరే చూడవచ్చు. చీకటి పడ్డాక సెల్‌ఫోన్ టార్చి వెలిగించి బానెట్టుకు జానెడు ఎత్తులో పట్టుకోండి. వెలుగు చుట్టూ వలయాలుగా వెంట్రుకల్లాంటి గీతలు కనిపిస్తాయి. టార్చిని జరిపితే వలయాలూ దానితోపాటే జరుగుతాయి. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉన్నాయి, వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరిసి గుండ్రంగా అనిపిస్తాయి. ఇవి ఒకరోజు ప్రమాదంలో పడినవి కావు. ప్రతి ఉదయం డ్రైవరో, పనివాడో పొడి గుడ్డతో దుమ్ము దులపగా ఆరేళ్లలో కూడుకున్నవి. మన ఒడిశా వైపు ఈ పనికి భుజం మీది గమ్ఛాను, అంటే తువ్వాలును, మించిన సాధనం లేదని అందరి నమ్మకం. అదే గమ్ఛాతో ముఖం తుడుచుకొని, అదే గమ్ఛాతో కారు తుడుస్తారు.

రబ్బింగ్ అన్నా, పాలిష్ పట్టడం అన్నా, క్లియర్ కోటును పై నుంచి కొద్దిగా తీసివేసి, గీతల అంచులను చదును చేయడం. జాగ్రత్తగా చేస్తే రెండు మూడు మైక్రాన్లు పోతాయి, 40 మైక్రాన్లలో అది భరించదగినదే. కానీ ప్రతి ఏడాదీ చేయిస్తే భరించదగినది కాదు, ఎందుకంటే ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకునే పదార్థాలు క్లియర్ కోటులోనే ఉంటాయి. అందుచేత పెయింటు మందం కొలిచే చిన్న యంత్రం ఉన్న షాపునే ఎంచుకోండి. బానెట్టు, పైకప్పు, నాలుగు తలుపుల మీద అంకెలు చూపించమనండి. ఎక్కడైనా 80 కన్నా తక్కువ కనిపిస్తే అది ఇంతకు ముందే బాగా అరిగిన చోటని అనుమానించాలి, 250 దాటితే అక్కడ తిరిగి పెయింటు వేశారనీ, బహుశా కింద పుట్టీ ఉందనీ అర్థం. పాత కారును కొనేటప్పుడు కూడా ఈ అంకెలు పనికొస్తాయి. లోతైన గీతలను వదిలేసి, పైపైవి మాత్రమే తీయమని చెప్పండి. నూటికి నూరు పాళ్లు గీతలు పోవాలనే పట్టుదల ఆరేళ్ల కారుకు మంచిది కాదు.

ఆ పాలిష్ చేయించిన మరునాడే పూత వేయించడం సబబు. మొత్తం బిల్లులో ఎక్కువ భాగం పాలిష్ కూలికే పోతుంది, పోవాలి కూడా. పూత చవకగా, పాలిష్ ఊరికే అని చెప్పే షాపును చూస్తే, తద్దినం చవకగా పెడతాననే పురోహితుణ్ని చూసినట్టు ఉంటుంది నాకు.

ప్రశ్న: గోపాలపురం సముద్రం ఒడ్డున మా లాడ్జి. కారు రాత్రింబవళ్లు ఉప్పుగాలిలోనే ఉంటుంది. తలుపుల అడుగు అంచుల్లో తుప్పు మొదలైంది. సిరామిక్ కోటింగ్ వేయిస్తే తుప్పు ఆగుతుందా? – ఒక లాడ్జి యజమాని, గోపాలపురం

జవాబు: ఆగదు. పెయింటు చెక్కుచెదరకుండా ఉన్నచోట ఇనుముకు గాలీ ఉప్పూ తగలవు, అక్కడ తుప్పు సమస్యే లేదు. తుప్పు పట్టేది పెయింటు లేనిచోట, పగిలినచోట: రేకులు మడిచి అతికిన తలుపు అడుగు అంచులు, రాయి తగిలి లేచిన చుక్కలు, చక్రాల గూళ్లు, కారు అడుగు భాగం. ఈ చోట్ల పూత పూయడం వీలు కాదు, పూసినా ఫలితం లేదు. ఉప్పు గాలిలోని తేమను లాగి పట్టుకుంటుంది కాబట్టి మీ దగ్గర ఆ అంచులు ఎప్పుడూ తడిగానే ఉంటాయని అనుకోండి.

మీ సొమ్మును వేరే విధంగా ఖర్చు చేయమంటాను. తలుపుల అడుగున నీరు కారిపోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. బురదతో మూసుకుపోయిన వాటిని సన్న పుల్లతో శుభ్రం చేయించండి, తలుపు ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించే కార్లు మా షాపుకు ఎన్నో వచ్చేవి. తుప్పు మొదలైన అంచులను గీకించి, తుప్పును ఆపే ప్రైమరు వేయించి రంగు వేయించండి. పెట్టెల్లాంటి బోలు భాగాల్లోకి పిచికారీ చేసే మైనం, అడుగుకు అండర్‌బాడీ కోటింగ్ చేయించండి. వారానికి ఒకసారి కారు అడుగు భాగాన్ని మంచినీళ్లతో కడిగించడం వీటన్నిటికన్నా ముఖ్యం. తుప్పు మీదే అండర్‌బాడీ కోటింగ్ కొట్టించకండి, కొట్టిస్తే తుప్పు కనిపించకుండా లోలోపల తింటుంది.

ప్రశ్న: ధర్మాబాద్‌లో ఒక వర్క్‌షాపులో టెఫ్లాన్ కోటింగ్ 4,500 రూపాయలకు చేస్తున్నారు. సిరామిక్ కన్నా గ్రాఫీన్ ఇంకా మంచిదని కూడా అంటున్నారు. తేడా ఏమిటి? – ఒక వ్యాపారి, ధర్మాబాద్, నాందేడ్ జిల్లా

జవాబు: టెఫ్లాన్ 1938లో అమెరికాలో యాదృచ్ఛికంగా బయటపడిన పదార్థం, మన నాన్‌స్టిక్ దోసె పెనాల మీద ఉండేది అదే. అది కరిగేది 327 డిగ్రీల సెల్సియస్ దగ్గర. పెనానికి అంటాలంటే కొలిమిలో అంతకన్నా ఎక్కువ వేడి పెట్టాలి, కారు పెయింటు అంత వేడిని భరించలేదు. కాబట్టి మీ ఊళ్లో 4,500 రూపాయలకు పూసేది, డబ్బా మీద ఏ పేరున్నా, పనిలో మైనపు పాలిష్ వంటిది మాత్రమే. కొన్ని నెలలు మెరుస్తుంది, ఆ మాటకు ఆ ధర తప్పు కాదు. గ్రాఫీన్ అనేది ఒక రకం కార్బన్. ఆ పేరుతో అమ్మేవి చాలావరకు సిరామిక్ రసాయనంలోనే కొంచెం గ్రాఫీన్ సంబంధమైన పొడి కలిపినవి. ఆ ఒక్క పేరు కోసం రెట్టింపు ధర ఇవ్వనక్కరలేదు.

ప్రశ్న: బొగ్గు గనులు, థర్మల్ కేంద్రం, కాగితం మిల్లు, అన్నీ మా చుట్టుపక్కలే. ఉదయం కడిగిన కారు సాయంత్రానికి బూడిద పూసుకుంటుంది. నిరుడు సిరామిక్ కోటింగ్ చేయించాను. ఇప్పుడు కారంతా తెల్లటి గుండ్రని మచ్చలు, నీళ్లు పోస్తే ఇదివరకులా బొట్లు కట్టడం లేదు. పూత పోయినట్టేనా? మేము వాడేది బోరు నీళ్లు. – ఒక రైల్వే ఉద్యోగి, బల్లార్షా, చంద్రపూర్ జిల్లా

జవాబు: పోయిందని ఇప్పుడే అనుకోకండి. పూత మీద మరో పొర పేరుకొని ఉండవచ్చు. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం లవణాలు నీటితో పాటు ఆవిరి కావు, బొట్టు ఎండినచోటే మిగిలిపోతాయి. గిన్నెల్లో, గీజరులో పేరుకునే తెల్లని పొక్కు ఇదే. సిరామిక్ పూత మీద నీరు పరచుకోకుండా బొట్లుగా నిలుస్తుంది కాబట్టి, లవణమంతా ఒక్కో బొట్టు అడుగున కుప్పగా చేరుతుంది. అందుచేతనే పూత లేని కారు కన్నా పూత ఉన్న కారు మీద ఈ మచ్చలు గుండ్రంగా, కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. పూత అమ్మేవారు ఈ సంగతిని చెప్పకపోవడం నాకు నచ్చని విషయం. వేసవిలో చంద్రపూర్‌లో నీడలోనే 45 డిగ్రీలు దాటుతుంది, ఎండలో నిలిచిన కారు రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ రేకు మీద బోరు నీళ్లు పోస్తే మచ్చ పడటానికి రెండు నిమిషాలు చాలు.

ముందు నీడలో, రేకు చల్లబడ్డాక, షాంపూతో శుభ్రంగా కడగండి. తరువాత తెల్ల వెనిగర్‌కు అంతే నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డను తడిపి మచ్చ మీద ఒక నిమిషం ఉంచి తీసి, వెంటనే మంచినీళ్లతో కడిగేయండి. రుద్దవద్దు, ఎండలో చేయవద్దు. లవణం పొక్కు మాత్రమే అయితే కరిగిపోతుంది. మచ్చ పోయినా వేలికి గుంటలా తగిలితే అది క్లియర్ కోటు దాకా దిగిందని అర్థం, దానికి పాలిష్ తప్ప మార్గం లేదు. ఆ తరువాత నీళ్లు చల్లి చూడండి, బొట్లు మళ్లీ కడితే మీ పూత క్షేమంగానే ఉంది.

కడిగే పద్ధతి మారిస్తేనే ఈ ఫలితం నిలుస్తుంది. బొగ్గు పొడి, థర్మల్ బూడిద రెండూ గరుకైనవి, పొడిగా తుడిస్తే ఎమరీ కాగితం రుద్దినట్టే. ముందుగా పైపుతో ధారగా నీళ్లు కొట్టి వదులుగా ఉన్న దుమ్మును దింపాలి. గుడ్డ ఆ తరువాతనే కారును తాకాలి. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకదానిలో కారు షాంపూ నీళ్లు, రెండవదానిలో ఉత్త నీళ్లు. మైక్రోఫైబరు గుడ్డను షాంపూలో ముంచి ఒక్క తలుపు తుడిచి, ఉత్త నీళ్లలో జాడించి, మళ్లీ షాంపూలో ముంచాలి. పైకప్పు నుంచి కిందికి రావాలి, చక్రాలకు వేరే గుడ్డ ఉండాలి. రెండవ బకెట్టు అడుగున చివరకు చేరిన నల్లటి వండును ఒకసారి చూస్తే, అదంతా ఇన్నాళ్లూ ఎక్కడ తిరిగిందో తెలుస్తుంది. గిన్నెలు తోమే సబ్బు, బట్టల సోడా పొడి వాడవద్దు.

ఆఖరి కడుగుడు నీళ్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. ఇంట్లో ఆర్‌ఓ యంత్రం నుంచి వృథాగా పోయే నీళ్లను పొదుపు కోసం కారుకు వాడేవారిని చాలామందిని చూశాను. పొదుపు మెచ్చదగినదే కానీ, ఆ నీళ్లలో బోరు నీళ్ల కన్నా ఎక్కువ లవణాలు ఉంటాయి, ఎందుకంటే యంత్రం వేరు చేసినవన్నీ వాటిలోనే చేరతాయి. దానికి బదులు ఎయిర్ కండిషనరు గొట్టం నుంచి కారే నీళ్లను బకెట్టులో పట్టండి. అవి గాలిలోని తేమ చల్లబడి కారినవి కాబట్టి వాటిలో లవణాలు దాదాపు ఉండవు. గాలిలో తేమ ఉన్న రోజుల్లో ఒక్క రాత్రిలోనే ఆఖరి కడుగుడుకు చాలినన్ని వస్తాయి. ఆఖరున ఆ నీళ్లు పోసి, పెద్ద మైక్రోఫైబరు తువ్వాలును కారు మీద పరచి లాగితే మచ్చ పడదు.

ప్రశ్న: జయపురం నుంచి సాలూరు ఘాట్ మీదుగా విజయనగరం టాక్సీ తోలుతాను బాబుగారూ. లారీల వెనక వెళితే రాళ్లు ఎగిరి బానెట్టు అంతా చుక్కలు పడ్డాయి. సిరామిక్ వేయించమంటారా, పీపీఎఫ్ అనే ప్లాస్టిక్ వేయించమంటారా? – ఒక డ్రైవరు, జయపురం

జవాబు: రాళ్ల దెబ్బకు సిరామిక్ పూత చేసేది ఏమీ లేదు. పీపీఎఫ్ అంటే పాలీయూరిథేన్ పొర, 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది, రాయి తగిలితే రబ్బరులా దెబ్బను మింగుతుంది. కానీ కారు మొత్తానికి వేయించడానికయ్యే ఖర్చు టాక్సీ సంపాదనకు తగినది కాదు. వేయిస్తే ముందు బంపరుకూ, బానెట్టు ముందు అంచుకూ మాత్రమే వేయించండి, దానికన్నా ముందుగా ఇప్పుడున్న చుక్కలను టచ్‌అప్ రంగుతో మూయించండి. అంత కూడా వద్దనుకుంటే మెరుపు కోసం అప్పుడప్పుడు స్ప్రే మైనం పూసుకోండి, లారీకి దూరంగా నడపండి. వానాకాలంలో ఘాట్‌లో లారీ వెనక ఎంత ఎడం ఉంచాలో నాకన్నా మీకే బాగా తెలుసు.

ప్రశ్న: అన్నయ్యా, నేను సిరోంచలో ఉంటాను. ఇక్కడ కోటింగ్ వేసే షాపు లేదు. చంద్రపూర్ వెళ్లాలంటే రోజంతా పోతుంది. ఆన్‌లైన్‌లో 30 మిల్లీలీటర్ల సీసా తెప్పించుకుని నేనే వేసుకోవచ్చా? మాది రెండేళ్ల ఎర్ర కారు. – ఒక యువకుడు, సిరోంచ, గడ్చిరోలి జిల్లా

జవాబు: వేసుకోవచ్చు తమ్ముడూ. చేతికి ఓపిక ఉంటే రెండు రోజుల పని. మామూలు సైజు కారుకు 30 నుంచి 50 మిల్లీలీటర్లు సరిపోతాయి, కానీ సగం కారు అయ్యాక సీసా అయిపోవడం కన్నా రెండవది చేతిలో ఉండటం మేలు. సీసా మూత తీశాక గాలిలోని తేమ తగిలి లోపలే గడ్డకట్టడం మొదలవుతుంది, మిగిలినది వచ్చే ఏడాదికి దాచుకోవచ్చనుకోవద్దు.

కాలాన్ని ముందు చూసుకోండి. ప్రాణహిత, గోదావరి కలిసే చోటు మీది. వానాకాలంలో గాలి నిండా తేమ ఉంటుంది, ఆ తేమకు పూత మీరు తుడిచేలోగానే గట్టిపడిపోతుంది. ఏప్రిల్, మే నెలల ఎండలో ద్రావకం పూసిన వెంటనే ఎగిరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు విడిచాక ఉదయం తొమ్మిది పది గంటల వేళ, దుమ్ము ఎగరని షెడ్డులో వేసుకోవడం మంచిది. రేకు చేతికి చల్లగా తగలాలి.

మొదటి రోజంతా శుభ్రం చేయడానికే. కడిగాక, బ్రేకుల నుంచి ఎగిరి పెయింటులో గుచ్చుకున్న ఇనుప రేణువులను కరిగించే ద్రవం ఒకటి దొరుకుతుంది, దాన్ని చల్లితే ఆ రేణువులున్న చోట ఊదా రంగు కన్నీళ్లు కారుతాయి. వాసన కోడిగుడ్డు కుళ్లినట్టు ఉంటుంది, భయపడవద్దు. అది ఎండకముందే కడిగేయాలి. తరువాత క్లే అనే జిగురు ముద్దతో, షాంపూ నీళ్లు జారుడుకు పోసుకుంటూ, రేకును మెల్లగా తడమాలి. ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కుని వేళ్లతో తడిమితే ఇంకా మిగిలిన గరుకు తెలుస్తుంది. వెలుగులో చూసి గీతలున్నచోట సన్నని పాలిష్ చేతితో పట్టండి. కొత్తగా నేర్చుకునేవారు రబ్బింగ్ యంత్రం జోలికి పోకపోవడం మంచిది, రేకు అంచుల దగ్గర అది క్షణంలో పెయింటును తినేస్తుంది. చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను నీళ్లతో కలిపి తుడిచి, పాలిష్‌లోని నూనెను తీసేయాలి. నూనె మిగిలితే పూత పెయింటును కాక నూనెను పట్టుకుంటుంది, మొదటి వానకే పోతుంది.

రెండవ రోజు చేతులకు తొడుగులు, ముక్కుకు ద్రావకాల ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకుని, గాలి ఆడేచోట, పొయ్యి, సిగరెట్టు దగ్గర లేకుండా మొదలుపెట్టండి. స్పాంజి దిమ్మకు చుట్టిన గుడ్డ మీద ఏడెనిమిది చుక్కలు వేసి, మూరెడు పొడవు, మూరెడు వెడల్పు మేర మాత్రమే, ముందు అడ్డంగా, తరువాత నిలువుగా పూయండి. కళ్లు దించి పక్క నుంచి చూడండి. మొదట తడి అద్దంలా ఉంటుంది. కాసేపటికి డీజిలు నీటి మీద పడ్డట్టు సప్తవర్ణాలు పొడచూపుతాయి, వెనువెంటనే అవి చిన్న చిన్న చెమట చుక్కల్లా విడిపోవడం మొదలవుతుంది. తుడవవలసిన క్షణం అదే. శుభ్రమైన మైక్రోఫైబరు గుడ్డతో ఒత్తకుండా తుడిచి, వెంటనే రెండవ పొడి గుడ్డతో మళ్లీ తుడిచి, పక్క భాగానికి పోవాలి. ఎంత సేపటికి ఆ చుక్కలు వస్తాయన్నది సీసానుబట్టి, గాలినిబట్టి మారుతుంది, గడియారాన్ని కాక రేకును చూడండి.

తుడవడంలో ఏమరిస్తే మిగిలేదాన్ని మేము హై స్పాట్ అంటాము. నేను మొదట్లో ఒక కస్టమరు నల్ల కారు వెనక తలుపు మీద అరచేయంత మేర అలా వదిలేశాను. షెడ్డు దీపాల కింద ఏమీ కనిపించలేదు. మరునాడు ఆయన కారును ఎండలోకి తీయగానే నూనె చేయి అంటించినట్టు మసక మచ్చ బయటపడింది. అప్పటికి అది గట్టిపడింది. ఆ తలుపంతా మళ్లీ పాలిష్ పట్టి, మళ్లీ పూయవలసి వచ్చింది, కూలీ నాదే. ఆనాటి నుంచి ఒక్కో భాగం పూర్తి కాగానే టార్చిని పక్క నుంచి వేసి చూడటం అలవాటైంది. మీరూ అలాగే చూడండి. గంటలోపు గమనిస్తే అక్కడే కొంచెం ద్రవం మళ్లీ అద్ది తుడిస్తే పోతుంది.

వాడిన గుడ్డలను ఉతికి మళ్లీ వాడవద్దు, పూత వాటి మీద గాజు ముళ్లలా గట్టిపడుతుంది, అదే గుడ్డ రేపు మీ కారును గీస్తుంది. కనీసం ఇరవై నాలుగు గంటలు, వీలైతే రెండు రోజులు కారు మీద నీటి చుక్క పడకూడదు. శీతకాలం రాత్రి మంచు కూడా నీరే, కాబట్టి షెడ్డుకు తలుపు లేకపోతే ఎవరిదైనా గోదాము అడిగి పెట్టుకోండి. పూత ఆరకుండా కారు మీద కవరు మాత్రం కప్పవద్దు, అంటుకుపోతుంది. వారం రోజుల దాకా షాంపూ పెట్టవద్దు. ఆ వారంలో పక్షి రెట్ట పడితే, తడి గుడ్డను దాని మీద పది నిమిషాలు ఆనించి ఉంచి, మెత్తబడ్డాక ఎత్తి తీసేయండి.